చీనా భోజనము చవుకగానే ఉండవలెనా?

లోకవ్యవహారమున వేరూని, విద్యావంతులచేత సైతము నిస్సంశయముగా ఉచ్చరింపబడుచున్న అభిప్రాయమొకటి కలదు. చీనా భోజనము స్వభావముచేతనే చవుకైనదనియు, అది వీధి మలుపున బండి ప్రక్కను నిలిచి తినదగినదేగాని తెల్లని బట్ట పరచిన బల్లముందు కూర్చుండి వేల రూపాయలు వెచ్చించి తినదగినది కాదనియు, అట్లు వెచ్చించువాడు రుచికిగాక డాబునకు మూల్యము చెల్లించుచున్నాడనియు ఆ అభిప్రాయపు సారాంశము. ఈ మాట హైదరాబాదు, విజయవాడలలోనే గాక, న్యూయార్కు, లండను నగరములందు స్థిరపడిన మనవారి నోటను, ఆ దేశీయుల నోటను గూడ వినవచ్చుచున్నది. ఫ్రెంచి భోజనశాలలో ఒక్క పళ్ళెమునకు ఎంత వెల వేసినను మారుమాటాడక చెల్లించు పెద్దమనిషియే, చీనాలోని సిచువాన్ ప్రాంతపు వంటకములను శాస్త్రోక్తముగా వండి వడ్డించు శాలలో బిల్లు చూచినంతనే బొమలు ముడివైచి, "నూడిల్సుకు ఇంత డబ్బా?" అని ప్రశ్నించును. రుచి చూడకముందే, వంటవాని పేరు వినకముందే, అతని శ్రమకు మనము తక్కువ వెల కట్టి ఉంచితిమి. ఆ ప్రశ్న ఆ వెలనుండి పుట్టినది. అది అన్యాయమని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ వాదమునకు ఆధారములుగా మూడు హేతువులు చూపబడుచున్నవి. చీనావంట పుట్టుకతోనే సామాన్యుల వంట యనుట మొదటిది. క్యాబేజీ, సోయా జున్ను, పిండి, పందిమాంసము వంటి అల్పమూల్య పదార్థములతో చేయు వంటకు అధికమూల్యము కట్టరాదనుట రెండవది. శాల పెద్దదైనకొలది వంట తన సహజత్వమును కోల్పోవుననియు, అసలు రుచి వీధికొట్టుననే దొరకుననియు చెప్పుట మూడవది. మొదటిది చరిత్రముందు నిలువదు. తక్కిన రెండును వంటయింటిముందు నిలువవు.

మొదటి హేతువును చూతము. ఉత్తర సుంగ్ వంశీయుల రాజధానియైన కైఫెంగ్ నగరము 1127లో జుర్చెన్ సేనలకు వశమైన పిదప, దక్షిణమునకు తరలిపోయిన మెంగ్ యువాన్‌లావో అను నాగరికుడు, తాను పోగొట్టుకొనిన పట్టణమును తలచుకొనుచు ఒక స్మృతిగ్రంథమును రచించి 1147లో దానికి పీఠిక వ్రాసెను. ఆ నగరమున డెబ్బదిరెండు మహాశాలలుండెననియు, ఇద్దరే మనుష్యులు వచ్చి ఎదురెదురుగా కూర్చున్నను వారిముందు పరచు వెండిపాత్రల తూకము దాదాపు నూరు లియాంగులుండెననియు, వడ్డించువారు అతిథులు కోరిన వంటకముల నన్నింటిని కంఠస్థము చేసి పొరపాటులేక వంటవానికి అప్పగించుచుండిరనియు ఆతడు వర్ణించినాడు. అంతకన్న మన ప్రస్తుతాంశమునకు ముఖ్యమైనది మరియొకటి: ఆ నగరముననే దక్షిణదేశపు వంటలకు వేరు శాలలును, సిచువాన్ వంటలకు వేరు శాలలును ఉండెను. ఒక ప్రాంతపు వంటను వేరొక ప్రాంతమున, శ్రద్ధతోను గౌరవముతోను ఆసనము వేసి వడ్డించు ఆచారము చీనాలో పండ్రెండవ శతాబ్దినాటికే పండినదన్నమాట. పారిసు నగరమున నేటి యర్థములో రెస్టారెంటు అనదగినది వెలసినది పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమున. ఆరువందల ఏండ్లు ముందు నడచినవానిని వెనుక వచ్చినవాని అనుకర్త యనుట ఎట్టి న్యాయము?

ఇది ఒక రాజధాని వైభవముతో ముగిసిన ముచ్చట కాదు. ఛింగ్ వంశకాలపు కవియగు యువాన్ మెయి 1792లో ప్రకటించిన పాకగ్రంథము, వంటను గూర్చి లోకమున వెలువడిన గంభీర గ్రంథములలో ఒకటి. కడుగుటనుండి నిప్పుపోయుటవరకు, పాత్రనుండి వడ్డన క్రమమువరకు, వంటవాడు ఎరుగవలసినవానిని, మానవలసినవానిని విధినిషేధరూపముగా ఆతడు నిర్ణయించెను. మంచి విందు కలిగించిన కీర్తిలో ఆరుపాళ్ళు వంటవానికి చెందగా, మిగిలిన నాలుగుపాళ్ళు సరకు ఎంచి తెచ్చినవానికి చెందునని ఆతని మతము. తన వంటవాడగు వాంగ్ షియావోయు మరణించినపుడు ఆతని జీవితచరిత్రను స్వయముగా వ్రాసిన కవి ఆతడు. పండితుడైన యజమాని తన వంటవాని విద్యను విద్యగా గుర్తించి గ్రంథస్థము చేసిన దేశమున వంట తక్కువపని యని, దాని ఫలము తక్కువ వెలదని చెప్పుటకు మనకు నోరెట్లు వచ్చినది?

ఇక సిచువాన్ రాజధానియైన ఛెంగ్డూ నగరమునకు వత్తము. 1911లో లాన్ గ్వాంగ్‌జియెన్ ప్రభృతులు స్థాపించిన రొంగ్‌లెయువాన్ అను శాల, ఎందరో నిపుణులను తీర్చిన గురుకులము వంటిదై, తరువాతి సిచువాన్ వంటకు మూలస్తంభమయ్యెను. 1930 ప్రాంతమున, అంతకుముందు కొన్ని మండలములకు అధికారిగా పనిచేసిన హువాంగ్ జింగ్‌లిన్ అను విద్వాంసుడు ఉద్యోగము విడిచి, గూగూయెన్ అను చిన్న భోజనశాలను తెరచెను. అందు విందు కావలెననినవారు ముందుగా చెప్పి ఏర్పాటు చేసికొనవలెను. వండిన ఆ పెద్దమనిషికి అతిథుల సరసన ఒక ఆసనము ఉంచవలెనన్న నియమము కూడ ఉండెడిదని చెప్పుదురు. పరిమితముగా అతిథులు, ముందుగా కుదిర్చిన విందు, వంటవానికి అగ్రాసనము అను ఈ లక్షణములను నేడు పాశ్చాత్యనగరములలో చూచి నవీనమని మెచ్చుకొనువారు ఛెంగ్డూనగరపు ఈ పూర్వచరిత్రను ఎరుగరు.

ఇంతటి సంప్రదాయముండగా చీనా భోజనమనినంతనే చవుకతనము స్ఫురించుట ఏల? దీనికి కారణములు రెండు. రెండును వంటకు వెలుపలివి. స్వదేశమున 1956లో స్వంత వ్యాపారములు ప్రభుత్వభాగస్వామ్యమునకు మారుటతో వెనుకటి యాజమాన్యములు అంతరించెను. అటుపై సాంస్కృతిక విప్లవకాలమున విందుభోజనమే వర్గశత్రువుల లక్షణముగా నిందింపబడుటచే గురుశిష్య పరంపర చాలచోట్ల తెగిపోయెను. విదేశముననైనచో, అమెరికాకు తొలిదినములలో వలసపోయిన చీనీయులలో అత్యధికులు దక్షిణతీరపు గ్వాంగ్‌డాంగ్ పల్లెలనుండి బంగారు గనులకును, రైలుమార్గపు పనులకును పోయిన కూలీలు. 1882లో పుట్టి 1943 వరకు నిలిచిన బహిష్కరణ చట్టము వారి వలసను అడ్డగించెను. వివక్ష తక్కిన వృత్తులకు దూరము చేసెను. మిగిలినవి చాకిరేవు, చిన్న హోటలు. ఇంటిల్లిపాది రాత్రింబగళ్ళు కూలిలేక పనిచేయుటచే అచ్చటి భోజనము చవుక యయ్యెను. అనగా మనము నేడు ఆ వంటయొక్క స్వభావమని భావించుచున్న చవుకతనము, ఒక చట్టము ఒక జాతిని మూలకు నెట్టగా ఏర్పడిన దుఃస్థితియొక్క శేషము. దానిని రుచికి గీటురాయిగా గ్రహించుట ఆ అన్యాయమును మన పళ్ళెములలో కొనసాగించుటయే.

ఈ దురభిప్రాయమును ఎదిరించి నిలిచిన ఒక స్త్రీని ఇచ్చట స్మరింపవలెను. పెకింగులో సంపన్నకుటుంబమున పెరిగి, జపానుసేనల ఆక్రమణకాలమున సోదరితోగూడ నెలల తరబడి కాలినడకను సిచువాన్ ప్రాంతపు ఛొంగ్‌ఛింగ్‌కు చేరిన సెసీలియా ఛియాంగ్, 1961లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున మాండరిన్ అను భోజనశాలను స్థాపించెను. నాడు అమెరికనులు చీనావంటగా ఎరిగిన ఛాప్‌స్యూయి తన శాలలో వండింపనని ఆమె పట్టుపట్టెను. ఉత్తరదేశపు వంటకములను, తేయాకు పొగలో పండించిన బాతు మొదలైన సిచువాన్ వంటకములను సగౌరవముగా వడ్డింపజేసెను. కాంటన్ మాండలికము రాని ఆమెకు ఆ నగరపు చీనాపేటలోని సరకుల వ్యాపారులు అరువీయలేదు; మొదటి దినములలో శాల నిండనే లేదు. అయినను ఆమె సడలలేదు. ఆమె గెలిచిన తరువాత కూడ ఆ నగరముననే చీనా భోజనమునకు మూల్యమేల అను ప్రశ్న సమసిపోకుండుట, ఈ భ్రమ ఎంత లోతుగా నాటుకొనినదో తెలుపుచున్నది.

న్యూయార్కు విశ్వవిద్యాలయమున ఆహారశాస్త్రాచార్యుడగు కృష్ణేందు రాయ్, 2016లో ప్రకటించిన తన గ్రంథమున ఈ విషయమునే విమర్శించెను. ఒక జాతివారి వంటకు అమెరికా నగరములలో పలుకు వెల, ఆ జాతివారికి సంఘమున గల స్థానమునుబట్టి హెచ్చుతగ్గులగుచున్నదని ఆతని సిద్ధాంతము. ఇటలీవారు నిరుపేద వలసకూలీలుగా ఉన్న దినములలో వారి వంట చవుక. వారి సంతతి పైకి వచ్చినపిదప అదే వంట ఖరీదు. జపాను సంపన్నమైన కొలది పచ్చిచేపముక్కలకు వెల పెరిగినది. చేప మారలేదు, చూచు చూపు మారినది. మన దేశపు వంటకును పరదేశమున ఇదే చిన్నచూపు ప్రాప్తించుచున్నదని అచ్చటి మనవారందరు ఎరిగియుండియు, తమకు జరిగిన అవమానమునే పొరుగువానికి చేయుట శోచనీయము.

రెండవ హేతువు సరకు చవుక యనునది. దీనికి సమాధానముగా ఒక్క వంటకమును దగ్గరనుండి చూపెదను. సిచువాన్ విందులలో మకుటాయమానమైన కైష్వేయ్ బాయ్‌ఛాయ్ అను వంటకము కంటికి వేడినీటిలో తేలుచున్న క్యాబేజీ మాత్రమే. ఈ వంటకమును హువాంగ్ జింగ్‌లిన్ పేరుతోనే సాధారణముగా ముడిపెట్టుదురు. ముదురు కోడిపెట్ట, బాతు, పంది ప్రక్కటెముకలు, ఉప్పులో ఊరిన తొడమాంసము, ఎండిన సముద్రపు ఆలిచిప్పల మాంసము కలిపి, తెర్లనీయక సన్నని సెగమీద గంటలకొలది కాచి మాంసరసము తీయవలెను. అంతటితో పని సగమైన కాదు. మెత్తగా నూరిన పందిమాంసమును చల్లని రసమున కలిపి ఆ కుండలో విడువగా, అది పైకి తేలుచు, రసమునందలి మడ్డి నంతటిని తనకు అంటించుకొని వచ్చును. దానిని దేవివైచి, పిమ్మట కోడిరొమ్ము ముద్దతో మరల అట్లే తేర్చవలెను. లేత టీనీటి రంగున తేటపడి, చుక్క క్రొవ్వయిన తేలనపుడుగాని వంటవాడు విడువడు. చీనా క్యాబేజీయొక్క లేత నడిమి మొవ్వునుమాత్రము ఏరి, ఉడుకునీట ముంచి, చన్నీట ఆర్చి, పాత్రలో పెట్టి, ఆ రసమును దానిపై పోయవలెను. మిరపకాయ లేదు, నూనె లేదు, అలంకారము లేదు. నోట పెట్టినవానికి మొదట క్యాబేజీ తీపి తోచి, వెనువెంటనే ఆ మాంసములన్నియు ఒక్కటైన గాఢత జిహ్వను ఆక్రమించును. క్యాబేజీ వెలనుబట్టి దీనిని తూచువాడు పళ్ళెమున కనబడినదానిని మాత్రమే లెక్కించి, కనబడకుండ చేసిన శ్రమను దొంగిలించుచున్నాడు.

సరకు చవుకైనను విద్య చవుక కాదనుటకు మరియొక నిదర్శనము పందిమూత్రపిండముల వేపుడు. వానిని అడ్డముగా చీల్చి, దుర్గంధహేతువైన తెల్లని నరములను సమూలముగా తొలగించి, పైభాగమున అడ్డగాట్లును నిలువుగాట్లును తెగిపోనంత లోతుగా పెట్టినయెడల, మండుచున్న బాణలిలో పడినంతనే ప్రతిముక్కయు పూవువలె విచ్చుకొనును. నిప్పుమీద గడచు కాలము నిమిషము కూడ కాదు. కొద్ది క్షణములు తగ్గినచో పచ్చి, కొద్ది క్షణములు మించినచో రబ్బరు. ఆ క్షణమును గుర్తించు కన్ను సంవత్సరముల సాధనచేగాని అబ్బదు. ఆ వంటలకు ప్రాణమైన పీషియెన్ మిరపముద్దయు అట్టిదే: పెద్దచిక్కుడు పప్పును, మిరపపండ్లను, ఉప్పును జాడీలలో కలిపి, పగలు ఎండకు తెరచి, రాత్రి మంచుకు విడిచి, వానకు మూసి, దినదినము కలియబెట్టుచు సంవత్సరము మొదలు మూడేండ్లు, అంతకు పైగాను పండించినది ఉత్తమము. పొందూరు ఖద్దరును ఎరిగిన తెలుగువారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు: కొండపత్తి వెల కొంచెమేయైనను, వాలుగచేప దవడపండ్లతో ఏకి, నూరవ నెంబరు నూలు వడికి నేసినదానిని పత్తితూకమున అడుగువాడు మనలో ఎవడును లేడు. ఆ వివేకమునే భోజనపు బల్లయొద్దను చూపుమనుచున్నాను.

మూడవ హేతువు, అసలు రుచి వీధియందే యనునది. వీధివంటను నేను తక్కువచేయుట లేదు. నేడు లోకవిఖ్యాతమైన మాపో సోయా జున్ను, 1862 ప్రాంతమున ఛెంగ్డూ వాన్‌ఫూ వంతెనయొద్ద ఛెన్ అను ఇంటి స్త్రీ నూనెమోయు కూలీలకు వండిపెట్టిన కూరయే. ఆవిధమున వీధినుండి విందునకు ఎక్కినవి అనేకములు. విందునుండి వీధికి దిగినవియు లేకపోలేదు. అయితే రెండును ఒకే వంటయొక్క రెండు అంగములుగాని, ఒకటి సత్యము, రెండవది మిథ్య కావు. వీధికొట్టు ఒకటిరెండు వంటకములను వేయిసార్లు చేసి పరిపక్వము చేయును. ఆ పనిలో దానికి సాటిలేదు. కాని రెండుదినములు రసము తేర్చుట, దీపము వెలుగు ఆవలికి కనబడునంత పలుచగా గొడ్డుమాంసము కోయుట, ఇరువదినాలుగని సిచువాన్ వంటవారు గణించు మిశ్రరుచులను ఒక పూటలో ఏదియు మరల రాకుండ వరుసపరచుట, బండిమీద చేయదగిన పనులు కావు. వానికి స్థలము, పరివారము, అవకాశము, వీనినన్నింటిని భరించు మూల్యము కావలెను. ఛెంగ్డూలో 2011 నుండి యూజిలాన్ అను చిన్నశాలను నడపుచున్న లాన్ గ్విజున్, బాతుగుడ్ల పచ్చసొనతో కలిపిన పిండిని దారములంత సన్నగా చేతితో కోసి చేయు బంగారుతీగల నూడిల్సు, వీధినుండి కనుమరుగు కానున్న విద్యను విందుబల్ల కాపాడినదనుటకు సాక్ష్యము. పెద్దశాల లేనినాడు ఆ వంటలో సగము నశించును. అట్టి నాశనమును సహజత్వమని కీర్తించుట తగునా?

ఈ హేతువులను అంటిపెట్టుకొని మరియొక అపోహ తిరుగుచున్నది. సిచువాన్ వంట యనగా మంట యనియు, చీనా రుచి యనగా అజినమోటో యనియు మనవారు నిశ్చయించుకొనిరి. షెజ్వాన్ పేరుతో సీసాలలో అమ్ముడుపోవు ఎర్రని ముద్ద దీనికి కొంత కారణము. భారతీయ నగరములలో వికసించిన ఆ వంట తనపాటికి తాను రుచికరమే. కాని దానితో సిచువాన్‌ను కొలువరాదు. మిరప అమెరికాఖండమునుండి వచ్చినది. చీనీయుల వ్రాతలలో దాని ప్రస్తావన కనబడునది పదునారవ శతాబ్ది అంతమున. సిచువాన్ ప్రజలకు ఘాటు పరిమళముపై గల మక్కువనైతే నాలుగవ శతాబ్దినాటి ఛాంగ్‌ఛూ తన దేశచరిత్రలోనే పేర్కొనెను. నాలుకను జలదరింపజేయు అచ్చటి మిరియము, కొంకణతీరవాసులు చేపలకూరలో వేయు తిరఫలమునకు జ్ఞాతి. క్రమముగా ఏర్పరచిన విందులో చల్లని చిరువంటకములు ముందు వచ్చును. పిదప వేడి వంటకములు, కారమునకు వెంబడి కారములేనిది, గాఢమునకు వెంబడి తేట. చివరకు అన్నము, ఊరగాయ, చిన్నగిన్నెలో నూడిల్సు. కారమే ఎరిగినవాడు ఈ క్రమమున సగము వంటకములలో కారమే లేకుండుట చూచి తాను అంతవరకు విన్నది ఎంత స్వల్పమో గ్రహించును. గుంటూరు మిరపను ఎరిగిన మన నాలుకకు కారమువెనుక నున్న రుచిని పోల్చుకొను శక్తి కలదు. పీఠముపై కూర్చుండి ఓపికపట్టు శ్రద్ధ మాత్రము కావలెను. అజినమోటో పొడి విషయమున ఒక్కమాట చాలును: 1968లో ఒక వైద్యపత్రికలో అచ్చయిన చిన్నలేఖతో రాజుకొనిన భయము అర్ధశతాబ్ది చీనా హోటళ్ళను వెంటాడెను, తదుపరి శాస్త్రపరీక్షలు ఆ భయమును సమర్థింపలేదు. మాంసరసమును రెండుమార్లు తేర్చు వంటవానిని, కేవలము పొడి చల్లువాడని శంకించుట మహాపరాధము.

ప్రతిపక్షులు చెప్పునది పూర్తిగా నిరాధారమా యన్నచో, ఒక్కచోట వారితో ఏకీభవించెదను. బంగారురేకు అంటించిన వంటకము, సొరచేప రెక్క, పేరుకొరకు వడ్డించు పక్షిగూడు, పాలరాతి గోడలు, దీపపు గుత్తులు, వీనికి వెల కట్టి వంటను అలక్ష్యము చేయు శాలలు గలవు, అవి నిందార్హములే. అయితే ఈ నింద చీనా విమర్శకులకు క్రొత్తది కాదు. నాలుకతోగాక కంటితో, చెవితో తినువారిని యువాన్ మెయి తీవ్రముగా గర్హించెను. బాగుగా వండిన సోయా జున్ను పక్షిగూటికన్న మేలని ఆతడు ఇన్నూరేండ్లకు పూర్వమే తేల్చెను. సొరచేప రెక్కలను అధికార విందులనుండి చీనా ప్రభుత్వము 2013లో నిషేధించెను. కాబట్టి ఖరీదైన శాలను విమర్శింపవలసినచో ఆ సంప్రదాయమే మనకిచ్చిన కొలతకర్రతో విమర్శింపుడు. రసము తేటగా ఉన్నదా? కోత సమానముగా ఉన్నదా? నిప్పు సరిగా అందినదా? విందున రుచులు పునరుక్తి లేక నడచినవా? ఈ ప్రశ్నలకు కాదను సమాధానము వచ్చినచో ఎంత తక్కువ వెలయైనను ఎక్కువయే. ఔనను సమాధానము వచ్చినచో వెలనుగూర్చి గొణుగుటకు హక్కు లేదు.

హాంగ్‌కాంగ్‌లోని లుంగ్ కింగ్ హీన్ 2008 డిసెంబరులో, ఫ్రెంచి భోజనశాలా సూచికయగు మిషెలిన్ ఇచ్చు మూడు నక్షత్రములు పొందిన మొదటి చీనా భోజనశాల అయినపుడు లోకము ఆశ్చర్యపడెను. ఫ్రెంచివారి ముద్ర పడినగాని చీనీయుల విద్యను నమ్మలేకపోవుట మన చూపులోని దోషము. ఆ ముద్ర రాకమునుపును ఆ విద్య ఉన్నది, రాకపోయినను ఉండెడిది. నేను ప్రతివారిని ప్రతిదినము అట్టి శాలలకు పొమ్మనుట లేదు. వెచ్చించు శక్తి లేనివాడు వీధికొట్టున తృప్తిగా తినుటలో లోపమేమియు లేదు. వెచ్చించు శక్తియు, ఇతరదేశముల వంటకు వెచ్చించు అలవాటును గలవానితోనే నా వాదము. నీవు పారిసు వంటవానికి చెల్లించునది ఏ విద్యకో ఆ విద్యయే ఛెంగ్డూ వంటవానియందును ఉన్నది. ఆతడును పదునైదేండ్లు పదునారేండ్ల ప్రాయమున కత్తిపట్టి, నిప్పుముందు నడుము వంచి, గురువుచేత చీవాట్లు తిని నేర్చినవాడే. వానికి తగిన మూల్యము ముట్టనిచో వాని కుమారుడు ఆ కత్తిని పట్టడు, శిష్యుడు దొరకడు, రెండుదినముల రసము ఒక పొడిపొట్లమునకు దిగజారును. ఆనాడు చీనా వంటయందు పూర్వపు రుచి లేదని వాపోవువారు, ఆ రుచిని చవుకబేరమాడి చంపినవారిలో తామును ఒకరని తెలిసికొందురుగాక. విద్యకు జాతినిబట్టి వెల కట్టుట మానవలెను. ఆ న్యాయమును మన వంటకు పరదేశమున కోరుచున్న మనము, ముందుగా దానిని పొరుగువాని వంటకు చేసి చూపవలెను.